ముసర పోయిన కథ: మన ఎడ్లకు వేసిన సూది, అడవిదున్నకు దక్కిన ప్రాణం



మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు: "అడవి జంతువులకు టీకాలు వేస్తరట, నిజమేనా? పులిని ఎవరు పట్టుకుంటరు, సూది ఎవరు పొడుస్తరు?" కింద నవ్వే బొమ్మలు చాలానే పడ్డాయి. ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదు. కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న ఆదిలాబాద్ గూడేల పిల్లలం మేం నలుగురైదుగురం కలిసి దీని గురించి దొరికినంత చదివినం. చదివినకొద్దీ కథ పులి దగ్గర నుంచి మన పశువుల కొట్టం దగ్గరికే వచ్చింది. అందుకే ఇంత పొడుగు రాయాల్సి వచ్చింది, ఓపికతో చదవండి.

ముందు ఒక రోగం పేరు చెప్పుకోవాలి. ముసర వ్యాధి. ఇంగ్లిష్ పుస్తకాల్లో రిండర్‌పెస్ట్ అంటారు, పశువుల ప్లేగు అని కూడా రాస్తారు. మన వయసు వాళ్లెవరూ దీన్ని చూడలేదు, ఇక చూడరు కూడా. ఇంట్లో డెబ్బై దాటిన తాతనో అవ్వనో ఉంటే అడగండి. మొదట పశువుకు జ్వరం వస్తుంది, మేత ముట్టదు. కళ్ల నుంచి, ముక్కు నుంచి నీళ్లు కారి తర్వాత చీము అవుతుంది. నోట్లో పుండ్లు పడతాయి. ఆ వెనక కంపు కొట్టే పారుడు, అందులో రక్తం. పది పన్నెండు రోజుల్లో పశువు పోతుంది. ఈ రోగాన్ని ఎప్పుడూ ఎరగని మందలో పడితే పదింటికి ఎనిమిది తొమ్మిది పోయేవి.

ఎడ్ల జత పోతే నాగలి పట్టిన కుటుంబం సంగతి ఏమైతదో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. నాగలి ఆగితే షావుకారి గడప తొక్కాలి. మన భూములు చేతులు మారిన కథల్లో పట్వారీ ఉంటాడు, షావుకారి ఉంటాడు, చచ్చిపోయిన ఎడ్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. చాలా అప్పు కాగితాలు అక్కడే మొదలై ఉంటాయని మా అనుమానం. పొలాల మరుసటి రోజు బడగ నాడు రోగమూ కీడూ ఊరి పొలిమేర దాటిపోవాలని కేకలేస్తూ తరుముతాం గదా, ఆ కేకల వెనక ఎన్ని ఖాళీ కొట్టాలు ఉన్నాయో అనిపిస్తది.

ముసర ఊరి పశువులతో ఆగేది కాదు. గిట్ట చీలిన జంతువు ఏదైనా దానికి ఆహారమే. అడవిదున్న, చుక్కల దుప్పి, కడితి, మనుబోతు, అడవి పంది, అన్నీ. ఎండాకాలం వాగులు ఎండినప్పుడు మిగిలేది ఒకటో రెండో కుంటలు. పొద్దున అక్కడ మన మంద నీళ్లు తాగుతుంది, రాత్రి దుప్పులు తాగుతాయి. రోగంతో ఉన్న పశువు ముక్కు నుంచి, నోటి నుంచి, పేడ నుంచి వచ్చే తడిలో ఆ వైరస్ ఉంటుంది. ఇట్ల ఊరి నుంచి అడవికి, అడవి నుంచి పక్క ఊరికి. 1968లో కర్ణాటక, తమిళనాడు సరిహద్దులోని బందీపూర్, ముదుమలై అడవుల్లో ముసర పడి అడవిదున్నల మందలకు మందలే తుడిచిపెట్టుకుపోయాయి. అడవిదున్న అంటే మామూలు జంతువు కాదు, పెద్ద పోతు వెయ్యి కిలోల దాకా తూగుతుంది, పులి కూడా ఆలోచించి దిగుతుంది. అట్లాంటిది కంటికి కనిపించని పురుగు ముందు నిలవలేకపోయింది. మన కవ్వాల్ అడవిలో ఇప్పటికీ అక్కడక్కడా అడవిదున్నలు కనిపిస్తాయంటే ముసర ఈ భూమి మీద లేకపోవడం కూడా అందుకు ఒక కారణం.

ఈ రోగం ఎంత దూరం పోయిందో చెప్పాలంటే ఆఫ్రికా సంగతి చెప్పాలి. 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం కోసం ఎర్ర సముద్రం ఒడ్డున దింపిన పశువుల వెంట ఇది ఆ ఖండంలో అడుగుపెట్టింది. ఆ పశువులు మన దేశం నుంచి పోయినవేనని చరిత్రకారులు రాస్తారు. పదేళ్లలో దక్షిణాఫ్రికా దాకా పాకింది. పశువులే బతుకైన జాతులు ఆకలితో కూలిపోయాయి, ఇథియోపియాలో ఘోరమైన కరువు వచ్చింది. అడవి బర్రెలు, జింకలు కుప్పలుగా పడ్డాయి. తెల్లవాళ్లు వచ్చి "ఇక్కడ మనుషులు లేరు, ఖాళీ భూమి" అని గీతలు గీసుకున్న చోట్లలో కొన్ని ముసర ఖాళీ చేసినవే.

ఇక టీకా కథ. బ్రిటిష్ ప్రభుత్వం 1889లో పుణెలో పశువుల రోగాల కోసం ఒక ప్రయోగశాల పెట్టి, 1893లో దాన్ని హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు మార్చింది. రోగం అంటుకుంటే చుట్టూ ఊళ్లు లేని కొండ కావాలి గదా, అందుకు. 1897లో జర్మనీ నుంచి రాబర్ట్ కాక్ అంతటివాడు అక్కడికి వచ్చి పోయాడు. 1920ల్లో అక్కడే ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త ముసర వైరస్‌ను మేకల్లో మళ్లీ మళ్లీ పెంచి దాని విషం తగ్గించాడు. అట్ల బలహీనపడ్డ వైరస్‌ను పశువుకు ఎక్కిస్తే రోగం ముదరదు, జీవితాంతం రక్షణ ఉంటుంది. మేక టీకా అని పేరు. ఆ తర్వాత కెన్యాలో వాల్టర్ ప్లోరైట్ ఇంకా మెత్తటి టీకా చేశాడు, ఏ జాతి పశువుకైనా భయం లేకుండా వేయొచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత 1954లో మన దేశం ముసర నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. నూటికి 80 పశువులకు సూది వేస్తే చాలు, రోగం దానంతట అదే ఆగిపోతుందని లెక్క వేశారు. కేసులు బాగా తగ్గాయి, కానీ పూర్తిగా పోలేదు. ఎందుకంటే మిగిలిన ఆ 20 ఎక్కడుంటాయి? రోడ్డు లేని చోట. వాగు అవతల. కొండ మీద. మనలాంటి వాళ్ల దగ్గర. లెక్కలో 20 చిన్నదే, వైరస్‌కు మాత్రం అది చాలినంత ఇల్లు. 1992లో మళ్లీ కొత్త ప్రాజెక్టు పెట్టి, రోగం ఎక్కడ దాక్కుందో వెతికి వెతికి అక్కడే కొట్టారు. 1995లో తమిళనాడులో చివరి కేసు. 2006 నాటికి మన దేశానికి ముసర లేని దేశంగా పూర్తి గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం మొత్తం మీద ముసర లేదని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత భూమి మీద నుంచి తుడిచేసిన రెండో రోగం ఇదే. మశూచి గురించి స్కూలు పుస్తకంలో ఉంటది, ముసర గురించి ఒక్క వాక్యం కూడా మేం చదువుకోలేదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. అడవిదున్నలకూ దుప్పులకూ ఎవరు సూది వేశారు? ఎవరూ వేయలేదు. అయినా వాటిలోనూ రోగం పోయింది.

ఇది ఎట్ల సాధ్యమో టాంజానియాలోని సెరెంగెటిలో బాగా తేలింది. అక్కడ విల్డెబీస్ట్ అని ఎద్దు తల, జింక ఒళ్లు ఉన్నట్టుండే జంతువు ఉంటుంది. ఏటా వాటి పిల్లలు ముసరతో చచ్చిపోయేవి. అడవి జంతువులే రోగానికి మూలం, పశువులకు వాటి నుంచే అంటుతుంది అని అప్పటిదాకా చాలామంది నమ్మకం. 1950ల నుంచి చుట్టూ ఉన్న పశువుల కాపర్ల మందలకు వరసగా టీకాలు వేశారు. 1963 వచ్చేసరికి విల్డెబీస్ట్ పిల్లల్లో ముసర కనపడకుండా పోయింది. వాటిలో ఒక్కదానికి కూడా సూది పడలేదు. అంటే రోగం ఇల్లు కట్టుకున్నది ఊరి మందలో, అడవికి అది చుట్టపుచూపుగా పోయేది. 1961లో సుమారు రెండున్నర లక్షలున్న విల్డెబీస్ట్‌లు 1970ల చివరికి 13 లక్షలు దాటాయి. టీవీలో నది దాటుతూ, మొసళ్లకు చిక్కుతూ కనిపించే ఆ లక్షల మంద ఆ సూదుల పుణ్యమే.

ఇందులో మనం ఆగి చూడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ చుట్టుపక్కల పశువుల కాపర్లలో మాసాయి జాతి వాళ్లు ముఖ్యులు. 1959లో జాతీయ పార్కు కోసమని మాసాయిలను సెరెంగెటి నుంచి బయటికి పంపించేశారు. నాలుగేళ్లకు చూస్తే ఆ అడవిలో రోగం తగ్గింది కాపర్ల పశువులకు సూది పడ్డందుకే అని తేలింది. పార్కు పేరు ప్రపంచమంతా తెలుసు, చేయి పట్టుకొని ఎడ్లను నిలబెట్టి సూది వేయించుకున్న కాపరి పేరు ఎక్కడా లేదు.

ఆఖరి దశ ఇంకా ఆసక్తిగా ఉంటది. ఇథియోపియాలో అఫార్లు, ఉగాండాలో కరమోజా వాళ్లు, వీళ్ల మందల్లో ముసర చాలా కాలం దాక్కుంది. డాక్టర్లు అక్కడికి పోలేరు, ఐస్ డబ్బా పట్టుకొని పోయినా దారిలోనే ఐస్ కరిగి టీకా పాడైతది. 1990ల్లో రెండు పనులు జరిగాయి. ఒకటి, నెల రోజుల దాకా ఐస్ లేకున్నా పాడవని టీకా పొడి తయారైంది. రెండోది, ఆ జాతుల యువకులకే శిక్షణ ఇచ్చి సూది వాళ్ల చేతిలోనే పెట్టారు. మంద ఎప్పుడు ఎక్కడుంటుందో వాళ్లకు తెలుసు, ఏ పశువు కొత్తగా వచ్చిందో తెలుసు. నూటికి 20 దగ్గర ఆగిపోయిన పని అట్ల పూర్తయింది.

మరి నేరుగా అడవి జంతువుకే టీకా వేసిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో 1978లో కోడి తలల్లో రేబిస్ టీకా పెట్టి నక్కల దారుల్లో పడేశారు. నక్కలు తిన్నాయి, టీకా లోపలికి పోయింది, క్రమంగా పశ్చిమ యూరప్‌లో నక్కల రేబిస్ పోయింది. ఇథియోపియా కొండల్లో ప్రపంచం మొత్తానికి పెద్దవి 500 కూడా లేని ఒక తోడేలు జాతి ఉంది. కాపర్ల కుక్కల నుంచి రేబిస్ అంటుకొని 2003లో చాలా చచ్చిపోతే, మిగిలిన వాటిని పట్టి టీకా వేశారు. ఇప్పుడు మాంసం ఎరలో పెట్టి వేస్తున్నారు. మన దేశంలో 2018 సెప్టెంబర్‌లో గుజరాత్ గిర్ అడవిలో 23 సింహాలు వరసగా చనిపోయాయి. కొన్నింటిలో కుక్కల డిస్టెంపర్ వైరస్ దొరికింది. అమెరికా నుంచి టీకాలు తెప్పించి, పట్టి ఉంచిన సింహాలకు వేశారు. 1994లో సెరెంగెటిలో ఇదే రోగం సుమారు వెయ్యి సింహాలను తీసుకుపోయింది కాబట్టి అంత కంగారు పడ్డారు.

కానీ ఇది అన్నిచోట్లా చేసే పని కాదు. పులికి మత్తు సూది వేయడమే ప్రాణాపాయం, అది లేచేదాకా భయమే. కొన్ని టీకాలు రెండోసారి కూడా వేయాలి, అదే పులిని మళ్లీ ఎక్కడ వెతుకుతాం? ఒక జాతికి పనికొచ్చే టీకా ఇంకో జాతిని చంపొచ్చు కూడా. 1972లో అమెరికాలో నల్లకాళ్ల ఫెరెట్ అని ముంగిసలాంటి అరుదైన జంతువుకు డిస్టెంపర్ టీకా వేస్తే ఆ టీకా వల్లనే ఆరింటిలో నాలుగు చచ్చిపోయాయి. ఇంకోవైపు రష్యా తూర్పు అడవుల పులుల మీద 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది: అక్కడ డిస్టెంపర్ ఎక్కువగా అడవి జంతువుల నుంచే వస్తోంది, కుక్కలకు వేసి లాభం లేదు, పులులకే కొన్నింటికి వేయాలి అని. కాబట్టి ఊరి జంతువుకు సూది వేస్తే చాలు అనే సూత్రం ప్రతి రోగానికీ సరిపోదు. రోగం ఇల్లు ఎక్కడుందో ముందు చూడాలి. ముసర ఇల్లు మాత్రం ఊరి మందే.

ముసర పోయింది గానీ దాని చుట్టాలు ఉన్నాయి. మేకలకు, గొర్రెలకు వచ్చే పారుడు రోగం, పీపీఆర్ అంటాం, ముసరకు దగ్గరి బంధువు. మన దేశంలో మొదటిసారి 1987లో తమిళనాడులో బయటపడింది. 2016 చివర్లో మంగోలియాలో మేకల నుంచి సైగా అనే అరుదైన జింకలకు అంటుకొని వేలల్లో చచ్చాయి. మన అడవిలో కొండగొర్రె ఉంది, మేకకు దూరపు చుట్టమే. గాలికుంటు ఉంది, అది గిట్ట చీలిన ప్రతిదానికీ వస్తుంది. గాలికుంటు టీకా తయారుచేసే పెద్ద కంపెనీల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది, ఇండియన్ ఇమ్యునలాజికల్స్. 2019 నుంచి కేంద్రం ఆరు నెలలకోసారి ఉచితంగా గాలికుంటు టీకా వేయించే కార్యక్రమం నడుపుతోంది, చెవికి 12 అంకెల పసుపు ట్యాగ్ వేసేది అందుకే.

కవ్వాల్‌లో పులి సంగతి ఇక్కడ కలుస్తుంది. మహారాష్ట్ర తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు మన వైపు వస్తాయి, పోతాయి. వాటి తిండి దుప్పి, కడితి, మనుబోతు, పంది. రోగం వచ్చి అవి తగ్గితే పులి చూపు మన పశువు మీద పడుతుంది. పశువు పోయిన కోపంలో ఎవరో విషం పెడతారు, లేదా అడ్డం వచ్చిన మనిషి పోతాడు. 2020 నవంబర్‌లో దహెగాం, పెంచికల్‌పేట మండలాల్లో ఒక యువకుడు, ఒక యువతి పులి చేతిలో పోయారు. పులి బొమ్మ పెట్టి పోస్టులు చేసే పట్నం వాళ్లకు ఈ లెక్క తెలియదు. మన పశువుకు వేసిన సూది దుప్పిని కాపాడితే, ఆ దుప్పి మన పశువును కాపాడుతుంది. రేచుకుక్కల సంగతీ అంతే. ప్రపంచంలో అంతరించిపోయే జాబితాలో ఉన్న జంతువు అది, మన అడవుల్లో ఇంకా గుంపులుగా తిరుగుతుంది. రేబిస్, డిస్టెంపర్ దానికి ఊరకుక్కల నుంచి అంటొచ్చు. పశువులకు వచ్చే సూది బృందం మన కుక్కల వైపు మాత్రం చూడదు.

పాత కరీంనగర్ తూర్పున కాళేశ్వరం దగ్గర నిలబడితే నది అవతల సిరోంచ. ఆ వైపు గడ్చిరోలి అడవిలో కోలామార్క ఉంది, అసలైన అడవి బర్రెలు మిగిలిన అతి కొద్ది చోట్లలో ఒకటి. ఊరి బర్రెకు వచ్చే ప్రతి రోగం దానికీ వస్తుంది. నది ఎండితే పశువులకు సరిహద్దు ఉండదు.

ఇప్పుడు ఈ పోస్టు రాయడానికి అసలు కారణం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో 1991లో ఒక సెక్షన్ చేర్చారు, 33ఎ. అందులో రెండు ముక్కలు ఉన్నాయి. మొదటిది: అభయారణ్యం లోపల, దాని చుట్టూ ఐదు కిలోమీటర్ల దాకా ఉన్న పశువులకు అంటురోగాల టీకాలు వేయించే చర్యలు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ తీసుకోవాలి. రెండోది: టీకా వేయించని పశువును ఎవరూ అభయారణ్యంలోకి తోలకూడదు, మేపకూడదు. ఈ రెండో ముక్క మనకు బాగా తెలుసు, బీట్ దగ్గర ఆపినప్పుడు వినిపించేది అదే. మొదటి ముక్క మనకు ఎవరూ చదివి వినిపించరు. వేయించే బాధ్యత వాళ్లది అని ముందు రాసి, ఆ తర్వాతే మన మీద షరతు పెట్టింది చట్టం. కవ్వాల్ 1965 నుంచి అభయారణ్యం. ప్రాణహిత, శివ్వారం కూడా అభయారణ్యాలే. వీటి చుట్టూ ఐదు కిలోమీటర్లు గీస్తే మనలో ఎంతమంది గూడేలు వస్తాయో లెక్కపెట్టుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం పశువుల మేత హక్కును గుర్తించింది, ఆ హక్కుకు ఈ టీకా తోడు కావాలి.

మాలో ఒకరి గూడేనికి ఒక ఏడాది సూది బృందం వానలు మొదలై నెల దాటినాక వచ్చింది. అప్పటికే వాగు పొంగి సగం మంద అవతల ఉండిపోయింది. చేతికి దొరికిన వాటికి వేసి, మిగతా వాటికి కూడా వేసినట్టు రాసుకొని పోయారు. ఆ గురక వ్యాధికి తర్వాత మూడు ఎడ్లు పోయాయి. కాగితం మీద మాత్రం ఆ గూడెం నూటికి నూరు. 1954 నాటి ఆ 20 ఇప్పటికీ అట్లనే మిగులుతోంది, కాకపోతే ఇప్పుడు లెక్కల్లో కనిపించదు.

పశువుల వల్లే అడవి పాడైంది, రోగాలు వచ్చాయి అని ఒక మాట తరచూ వింటాం. కడెం మండలంలో రాంపూర్, మైసంపేట గూడేలను అడవి నుంచి బయటికి తరలించారు. 2025లో కొమురం భీం జిల్లాలో కన్జర్వేషన్ రిజర్వ్ కోసం జీవో 49 తెచ్చి, మన ఆందోళనల తర్వాత దాన్ని నిలిపేశారు. మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట వస్తుంది. అప్పుడు మన చేతిలో సెరెంగెటి ఉదాహరణ ఉండాలి, 33ఎ ఉండాలి, టీకాలు ఏ తేదీన ఎన్ని పశువులకు పడ్డాయో మనమే రాసిన పుస్తకం ఉండాలి.

ఆషాఢంలో అకాడి పూజ చేసి మందను అడవికి తోలుతాం. గురక వ్యాధి, జబ్బవాపు టీకాలు పడాల్సింది కూడా సరిగ్గా వానలకు ముందే. మన పండుగకూ వాళ్ల షెడ్యూలుకూ ఇంత బాగా కలిసే తేదీ ఇంకోటి లేదు. అకాడికి నెల ముందు గ్రామసభలో తీర్మానం రాసి, ఒక కాపీ ఫారెస్ట్ డివిజన్ ఆఫీసుకు, ఒకటి మండల పశువైద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. మందలన్నీ ఏ రోజు ఏ దొడ్డిలో ఉంటాయో అందులోనే రాయాలి, కుక్కలకు రేబిస్ టీకా కూడా అడగాలి. గూడేనికి ఇద్దరు యువకులకు శిక్షణ ఇవ్వమని అడగడంలో తప్పేమీ లేదు, అఫార్ల దగ్గర జరిగిన పనే అది. ఇంటర్ బైపీసీ చదువుతున్న చెల్లెళ్లూ తమ్ముళ్లూ, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉందని గుర్తుపెట్టుకోండి.

33ఎ సెక్షన్‌ను తెలుగులో టైప్ చేసి, తీర్మానం నమూనా ఒక పేజీ తయారుచేసి పెట్టినం. ఏ గూడేనికి కావాలో కింద రాయండి, ఆ ఊరి మండలం పేరు కూడా రాయండి, పంపిస్తాం.